‘పాత తేదీ వేసెయ్’ అన్న అన్నకు ఏం చెప్పాలి?

జీడిమెట్ల వైపు మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, కంపెనీ వద్దన్నారు. ఉత్తరం పొడవైనది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివారు. సొంతూరు పాలమూరు వైపు. పెళ్లయి నిజాంపేటలో ఉంటున్నారు. ఈ ఉద్యోగం ఇప్పించింది అదే ఊరి మనిషి, వరసకు అన్న అవుతాడు. ఇప్పుడు ఆమె టీమ్ లీడ్ కూడా ఆయనే. రెండేళ్ల కిందట ఒక శనివారం తూకం వేసి బ్యాలెన్స్ (తూకం మిషన్) లాగ్‌బుక్‌లో రాయడం మరిచిపోయారు. సోమవారం గుర్తొచ్చి అడిగితే ‘శనివారం తేదీనే వేసెయ్’ అన్నాడు అన్న. వేశారు. ఆ తర్వాత ఒక నెలాఖరులో, ఒక్కరే రెండు డిజల్యూషన్ బాత్‌లు (మాత్రలోని మందు ఎంతసేపట్లో కరుగుతుందో చూసే పరికరాలు) చూసుకుంటూ శాంపిల్ తీసిన టైములు రాసుకోలేకపోయారు. రెండు గంటలయ్యాక జ్ఞాపకం మీద నింపారు. ఈ ఏడాది ఇంకో అలవాటు మొదలైంది. మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో అసలు సీక్వెన్స్ (వరస పరీక్షలు) వేసేముందు అదే బ్యాచ్ శాంపిల్‌ను ‘టెస్ట్’ అనే ఫోల్డర్‌లో ఒకసారి ఇంజెక్ట్ చేసి చూడటం, బాగుంటేనే అసలు రన్ మొదలుపెట్టడం. ఇలా ఆరేడు సార్లు చేశారట.

పోయిన గురువారం రాత్రి ఒక బ్యాచ్ అస్సే (మాత్రలో ఉండాల్సిన మందులో ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష) 93.8 శాతం వచ్చింది. ఉండాల్సింది 95.0 నుంచి 105.0 మధ్య. ‘ఇంజెక్షన్ ఎర్రర్ అని రాసి పక్కనపెట్టు, ఇంకోసారి ప్రిపేర్ చెయ్’ అన్నాడు అన్న. ఆమె తలనొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశారు. శుక్ర, శనివారాలు సెలవు పెట్టారు. ‘అందరూ చేసేదే, నీకెందుకు’ అంటాడు భర్త. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి పేరు లేకుండా మెయిల్ పెట్టమంటుంది స్నేహితురాలు. స్క్రీన్ ఫొటోలు రెండు మూడు ఫోన్‌లో ఉన్నాయి. వచ్చే నెల కస్టమర్ ఆడిట్ ఉంది. అన్న చేతిలోనే తమ్ముడి ఉద్యోగం సంగతి కూడా నడుస్తోంది. ‘నేను చేసింది ఎంత తప్పు? ఈ 93.8ని ఏం చేయాలి? చెబితే అన్న ఏమైపోతాడు, నేనేమైపోతాను?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో నాలుగు వేర్వేరు పనులు ఒకే భయంగా ముద్దకట్టుకుపోయాయి. ముందు వాటిని విడదీద్దాం, ఎందుకంటే నాలుగూ ఒకే బరువువి కావు, నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు.

శనివారం తూకం సంగతి అన్నిటికంటే చిన్నది. తూకం నిజంగా జరిగింది, బ్యాలెన్స్ ప్రింటౌట్ మీద తేదీ, సమయం ఉన్నాయి. అబద్ధం తూకంలో లేదు, ‘ఎప్పుడు రాశాను’ అన్న చోట ఉంది. సోమవారం తేదీయే వేసి ‘శనివారం తూచినది, ఆ రోజు నమోదు చేయడం మరిచాను, ప్రింటౌట్ జతచేశాను’ అని రాసి సంతకం పెట్టి ఉంటే దాన్ని లేట్ ఎంట్రీ అంటారు. ఆలస్యానికి ఓ మాట పడేవారు, అక్కడితో అయిపోయేది. శనివారం తేదీ వేయగానే అదే పని బ్యాక్‌డేటింగ్ అయింది.

డిజల్యూషన్ టైములు ఇంకొంచెం బరువైనవి. ముప్పై నిమిషాలకు తీయాల్సిన శాంపిల్‌కు ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ఇచ్చే వెసులుబాటు రెండు శాతం, అంటే అటూ ఇటూ 36 సెకన్లు. బాత్‌లోని ఆరు వెసెల్స్‌లోంచి (మాత్రలు కరిగే పాత్రల్లోంచి) తీయాలి, ఫిల్టర్ చేయాలి, పక్క బాత్‌లో ఇంకో ఆరు ఎదురుచూస్తున్నాయి. మూడో వెసెల్ నుంచి ఎన్నింటికి తీశారో రెండు గంటల తర్వాత మీకే కాదు, ఎవరికీ గుర్తుండదు. మీరు నింపిన టైములు ‘10.30, 10.31, 10.32’ అని ముత్యాల్లా వరసగా ఉండి ఉంటాయి. ఇక్కడ తేదీ ఒక్కటే కాదు, అంకె కూడా మీకు తెలియనిదే. అయినా ఇందులో దురుద్దేశం కంటే ఒక మనిషికి రెండు బాత్‌లు అప్పగించిన పనితీరు ఎక్కువ కనిపిస్తోంది. దాని గురించి తర్వాత చెప్తాను.

‘టెస్ట్’ ఫోల్డర్‌లో వేసిన ట్రయల్ ఇంజెక్షన్లే అన్నిటికంటే బరువైనవి. దీనికి కారణం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు దీన్ని ‘మిషన్ వేడెక్కించుకోవడం’ అని రాశారు. మిషన్‌లో మందును విడదీసే గొట్టం, అంటే కాలమ్, స్థిరపడిందో లేదో చూసుకోవడానికి స్టాండర్డ్ ద్రావణం (మందు ఎంతుందో ముందే తెలిసినది) ఎక్కించుకోవచ్చు, ఎస్‌ఓపీలో (రాసిపెట్టిన పని పద్ధతిలో) ఆ మాట ఉంటే. కానీ ఏ బ్యాచ్‌ను పరీక్షిస్తున్నారో అదే బ్యాచ్ శాంపిల్‌ను ముందు చాటుగా వేసి చూస్తే అది వేడెక్కించడం కాదు, ప్రశ్నపత్రం ముందే చూడటం. బాగా రాకపోతే ఆ ఫలితం ‘టెస్ట్’ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది, రిపోర్టులోకి రాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో ఇచ్చిన డేటా ఇంటెగ్రిటీ మార్గదర్శకంలో దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి కూడదంది. అంతకు పాతికేళ్ల ముందు, 1993లో, బార్ ల్యాబొరేటరీస్ కేసులో అక్కడి కోర్టు తేల్చిందీ ఇదే: ఫెయిలైన ఫలితాన్ని విచారించకుండా, పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించడం కుదరదు. మన దగ్గర 2023 డిసెంబర్‌లో సవరించిన షెడ్యూల్ ఎమ్ (మందుల తయారీ నియమాలు) కూడా రికార్డు విషయంలో కట్టుదిట్టంగానే ఉంది.

పైగా ఆ ఇంజెక్షన్లు ఎక్కడికీ పోలేదు. ఫోల్డర్ పేరు ఏదైనా సాఫ్ట్‌వేర్ ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో దానంతటదే నమోదయ్యే చిట్టాలో) మీ లాగిన్, వయల్ (శాంపిల్ సీసా) నంబరు, సమయం ఉంటాయి. ఆటోశాంప్లర్ ఎన్నిసార్లు సూది దించిందో మిషన్ లెక్కపెట్టుకుంటుంది. కాలమ్ వాడకం రిజిస్టర్‌లో 38 ఇంజెక్షన్లు అని రాసి ఉండి, మిషన్‌లో 41 ఉంటే, ఆ మూడూ ఏవని ఆడిటర్ అడుగుతాడు. అనుభవమున్న ఆడిటర్ రిపోర్టుతో మొదలుపెట్టడు. ‘టెస్ట్’, ‘ట్రయల్’, ‘డెమో’ అనే ఫోల్డర్లు ఉన్నాయా అని చూసి అక్కడి నుంచే మొదలుపెడతాడు.

మీ ఆయన మాట దగ్గర ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. ‘అందరూ చేసేదే’ అన్నది నిజమే అనుకుందాం. పట్టుబడ్డ రోజున ‘అందరూ’ ఉండరు, లాగిన్ ఒక్కటే ఉంటుంది. మీ అన్న చెప్పింది నోటితో చెప్పాడు, దానికి ఆనవాలు లేదు. మీరు చేసింది మీ పాస్‌వర్డ్‌తో చేశారు. విచారణ నివేదికలో చివరికి మిగిలేది ‘అనలిస్ట్ తప్పిదం, అనలిస్టుపై చర్య తీసుకున్నాం’ అనే వాక్యం. అన్న చెడ్డవాడు కానక్కర్లేదు, ఆ వాక్యం దానంతటదే అలా తయారవుతుంది.

ఇక 93.8. ఇది మిగతా మూడింటిలా జరిగిపోయింది కాదు, ఇంకా మీ చేతిలోనే ఉంది.

‘ఇంజెక్షన్ ఎర్రర్’ అనే మాటను మీ క్రొమాటోగ్రామే (మిషన్ గీసిన గ్రాఫే) ఒప్పుకుంటుందో లేదో చూడండి. సూది సరిగా తీసుకోకపోయినా, గాలిబుడగ వెళ్లినా దానికి గుర్తులుంటాయి: ప్రెషర్ గీతలో కుదుపు, పీక్ (గ్రాఫ్‌లో మందును చూపే శిఖరం) ఆకారంలో తేడా, ఒకే వయల్ నుంచి వేసిన రెండు ఇంజెక్షన్ల మధ్య పొంతన లేకపోవడం. ఆ వయల్ నుంచి మీరు వేసిన రెండూ 93.8, 93.7 వచ్చాయని ఉత్తరంలో మీరే రాశారు. ముందూ వెనకా వేసిన స్టాండర్డ్‌లు కూడా సరిపోయాయన్నారు. సూది రెండుసార్లూ ఒకే కొలతలో తప్పు చేయడం కుదరదు. కాబట్టి ఇంజెక్షన్ ఎర్రర్ అని రాస్తే ఆ మాటను మీ డేటాయే కాదంటుంది. రివ్యూ చేసేవాడు కాస్త శ్రద్ధగా చూస్తే అయిదు నిమిషాల్లో పట్టేస్తాడు.

మరి 93.8 ఎందుకొచ్చి ఉంటుంది? రెండు దారులు. తప్పు ల్యాబ్‌లో జరిగి ఉండాలి, లేదా మాత్రలో ఉండాలి. ఈ రెండింట్లో ఏదో తేల్చడానికే ఓఓఎస్ (హద్దు దాటిన ఫలితంపై విచారణ) పద్ధతి ఉంది. ఓఓఎస్ అనగానే మీ ల్యాబ్‌లో శిక్ష అన్నట్టు చూస్తున్నారు గానీ, మొదటి దశలో జరిగేది వెతుకులాట. లెక్క సరిగా వేశారా, స్టాండర్డ్ పొటెన్సీ సరైనది వేశారా, పీక్‌కు గీసిన బేస్‌లైన్ మిగతా వాటిలాగే ఉందా, ప్రింటౌట్ మీది తూకమే షీట్‌లో ఉందా, 5 మి.లీ. పిపెట్టేనా, 50 మి.లీ. ఫ్లాస్కేనా అని ఒక్కొక్కటీ చూస్తారు. తక్కువ వచ్చిన అస్సేల్లో తరచూ దొరికేవి ఇంకో రెండున్నాయి. ముప్పై నిమిషాలు సోనికేట్ చేయాల్సింది (ధ్వని తరంగాలతో కుదిపి కరిగించాల్సింది) పదిహేనుతో ఆపేస్తే మందు పొడిలోనే ఉండిపోతుంది. ఫిల్టర్ చేసినప్పుడు మొదటి కొన్ని మి.లీ. పారబోయకపోతే ఫిల్టర్ కాస్త మందును పీల్చుకుంటుంది.

వీటిని తేల్చే సాక్షి మీ ఫ్లాస్కే. అదే ఫ్లాస్కును మళ్లీ సోనికేట్ చేసి, సరిగ్గా ఫిల్టర్ చేసి ఇంజెక్ట్ చేస్తే 99 వచ్చిందనుకోండి, మొదటిసారి మందు పూర్తిగా కరగలేదన్న అనుమానానికి బలం వచ్చినట్టు. మళ్లీ 93.8 దగ్గరే ఉంటే ఆ అనుమానం కొట్టుకుపోయినట్టు. కానీ ఇది చేయడానికి ముందే ‘ఫలానా అనుమానంతో ఫలానా పరీక్ష చేస్తున్నాం’ అని కాగితం మీద రాసి క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్, నాణ్యతకు పూచీపడే విభాగం) సంతకం తీసుకోవాలి. ఇదే పని చాటుగా చేస్తే ట్రయల్ ఇంజెక్షన్, రాసి చేస్తే విచారణ. చేతులు చేసే పని రెండు చోట్లా ఒక్కటే. అందుకే ఫెయిలైన ద్రావణాన్ని పారబోయకూడదంటారు. మీరు గురువారం రాత్రి దాన్ని ఏం చేశారో ఉత్తరంలో రాయలేదు.

ల్యాబ్‌లో కారణం దొరికితే, ఆధారంతో సహా మొదటి ఫలితాన్ని రద్దు చేసి మళ్లీ చేయొచ్చు. అది నూటికి నూరుపాళ్లు సక్రమం. దొరక్కపోతే విచారణ ప్రొడక్షన్‌లోకి వెళ్లాలి, రీటెస్టును వేరే అనలిస్టు చేయాలి, ఎన్నిసార్లు చేయాలో ముందే రాసుకుని చేయాలి. ఇక్కడ ఇంకో వల ఉంది, చూసుకోండి. రీటెస్టులో 96.1, 96.3 వచ్చాయనుకుందాం. 93.8తో కలిపి సగటు తీస్తే 95.4. పాస్! సగటు వేస్తే ఫెయిలైన అంకె కనబడకుండా పోతుంది గనకే అలా వేయొద్దంటారు.

‘ఒకటింబావు శాతం తక్కువైతే రోగికి ఏమవుతుంది’ అని మీ అన్న అన్నాడని రాశారు. ఒక్క మాత్రకు అది నిజమే కావచ్చు. కానీ మీరు పరీక్షించింది ఒక్క మాత్రను కాదు, ఇరవై మాత్రలు కలిపి నూరిన పొడిని. పొడి సరిగా కలవక, హాపర్‌లో (పొడి పోసే గరాటులో) బరువైనదీ తేలికైనదీ విడిపోయి ఉంటే, ఆ ఇరవైలో కొన్ని 100, కొన్ని 85 ఉండి సగటు 93.8 వచ్చి ఉండొచ్చు. ఎవరికి ఏ మాత్ర పడుతుందో తెలియదు. ఒంటి మీద జ్వరం కనబడితే థర్మామీటర్ తుడిచి మళ్లీ పెట్టుకున్నట్టుంది ఈ ‘మళ్లీ ప్రిపేర్ చెయ్’ అనడం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏదీ పూలబాట కాదు.

మొదటి దారి: అన్న చెప్పినట్టు చేసేయడం. వారం ప్రశాంతంగా గడుస్తుంది. కానీ రెండేళ్ల కిందటి శనివారం నుంచి ఇవాళ్టి దాకా వచ్చిన మెట్లు లెక్కపెట్టుకోండి. మొదట తేదీ, తర్వాత టైము, తర్వాత దాచిన ఇంజెక్షన్, ఇప్పుడు దాచబోయే ఫెయిల్. ఏ మెట్టూ దాని ముందున్న మెట్టు కంటే పెద్ద ఎత్తు కాదు, అందుకే కాలు ఆగదు. సత్యం కంప్యూటర్స్ సంగతి మన హైదరాబాద్‌లో తెలియనివారు లేరు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో ఒప్పుకున్నదీ ఇదే. అసలు లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో కొద్దిపాటి తేడా ఉండేదనీ, అది ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి వేల కోట్లయిందనీ, పులి మీద ఎక్కాక దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదనీ రాశారు. మీరింకా దిగగలిగిన ఎత్తులోనే ఉన్నారు.

రెండో దారి: ఇప్పటి నుంచి తప్పు చేయను, పాతవి కదపను. చాలామంది ఎంచుకునేది ఇదే, తప్పుపట్టలేం. 93.8 మీద ఓఓఎస్ తెరుస్తారు, ‘టెస్ట్’ ఫోల్డర్ మళ్లీ ముట్టుకోరు. ఇబ్బంది ఏమిటంటే, ఈ ఓఓఎస్ విచారణలోనే ఎవరో ఒకరు ఆడిట్ ట్రయల్ తెరుస్తారు. పాతవి అప్పుడు బయటపడితే మీ నోటి నుంచి వచ్చినవి కావు, పట్టుబడినవి అవుతాయి.

మూడో దారి: ఓఓఎస్ తెరవడంతో పాటు పాతవాటి మీద కూడా మీరే ఇన్సిడెంట్ రిపోర్టు పెట్టడం. నా మొగ్గు దీనివైపే, కానీ ఖర్చు లేని దారి కాదు. మెమో రావచ్చు, కొన్ని నెలలు అనలిస్ట్ అర్హత ఆపి మళ్లీ ట్రైనింగ్ అనొచ్చు, ఇంక్రిమెంట్ పోవచ్చు. చేతులు దులుపుకోవాలనుకునే యాజమాన్యమైతే ఉద్యోగమే పోవచ్చు. ఆ అవకాశాన్ని మీ ఇంటి లెక్కల్లో ముందే వేసుకోండి. మూడు నెలల అద్దె, ఈఎంఐ చేతిలో ఉందా లేదా అన్నది నైతిక ప్రశ్న కాదు గానీ, మనిషి ధైర్యం చాలామటుకు దాని మీదే నిలబడుతుంది.

రాసే పద్ధతి తెలియక చాలామంది దీన్ని చెడగొట్టుకుంటారు. పాత లాగ్‌బుక్‌ను మీరుగా వెళ్లి దిద్దకండి. రివ్యూ అయి సంతకాలు పడిన పేజీని ఇప్పుడు ముట్టుకుంటే అది ఇంకో తప్పు. రిపోర్టు మీద ఇవాళ్టి తేదీ వేసి, జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా రాయండి: ‘ఫలానా తేదీ బ్యాలెన్స్ లాగ్‌బుక్ ఎంట్రీని నేను రెండు రోజుల తర్వాత, ముందు తేదీతో నమోదు చేశాను. తూకం ప్రింటౌట్ ఆ తేదీదే. ఫలానా బ్యాచ్ డిజల్యూషన్ టైములను పరీక్ష ముగిశాక జ్ఞాపకం మీద రాశాను. ఫలానా ఫోల్డర్‌లో నా లాగిన్‌తో చేసిన ఇంజెక్షన్ల జాబితాను సిస్టమ్ నుంచి తీసి పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.’ ఎవరు చేయమన్నారని అడిగితే చెప్పండి, కానీ రిపోర్టును ఫిర్యాదుగా మొదలుపెట్టకండి. ఒకటో వాక్యంలో ‘నేను’ ఉంటే, పదో వాక్యంలో ‘ఆయన’ అన్నా నమ్ముతారు.

గురువారం వచ్చిన ఫలితం సోమవారం చెబుతున్నానే అనే బెరుకు కూడా ఉంటుంది. ఆ ఆలస్యాన్ని కూడా రాసేయండి. ‘గురువారం రాత్రి ఫలితం వచ్చింది, సోమవారం ఉదయం తెలియజేస్తున్నాను.’ సాకు రాయనక్కర్లేదు.

నాలుగో దారి క్యూఏ హెడ్‌ను దాటి పైకి వెళ్లడం. మీది లిస్టెడ్ కంపెనీ అయినా, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకున్నా, బ్యాంకులూ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్లకు మించి అప్పు తీసుకున్నా, 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం విజిల్ మెకానిజమ్ అనే, తప్పు చూసినవారు పైకి చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. దాని ప్రకారం ఆడిట్ కమిటీ చైర్మన్‌ను నేరుగా కలిసే వీలు ఉండాలి, ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలి. కాగితం మీద ఉన్న రక్షణకూ, రోస్టర్‌లో వరసగా పడే నైట్ షిఫ్టులకూ మధ్య దూరం ఉంటుంది, అదీ తెలిసి వెళ్లండి. 2014లో పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్స్ చట్టం మాత్రం మీకు అక్కరకు రాదు. అది ప్రభుత్వోద్యోగుల మీద వచ్చే ఫిర్యాదులకు ఉద్దేశించింది, అదీ అమల్లోకి తేలేదు.

అయిదోది బయటికి చెప్పడం. వెంగళ్‌రావు నగర్‌లో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, ఎస్.ఆర్. నగర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ జోనల్ ఆఫీసు ఉంది. సరుకు అమెరికా వెళ్తుంటే అక్కడి ఎఫ్‌డీఏ కూడా ఇలాంటి సమాచారం తీసుకుంటుంది. మీ స్నేహితురాలు చెప్పింది చెడ్డ దారేం కాదు, కానీ ఇది చివరిది. లోపల చెప్పినా బ్యాచ్‌ను బయటికి పంపేస్తుంటే, లేదా చెప్పినందుకు మీ మీదకే వస్తే, అప్పుడు. ఇప్పుడే వెళ్తే, ఇంకా ఓఓఎస్ కూడా తెరవని 93.8 గురించి ఏమని రాస్తారు? పైగా పేరు రాయకపోయినా ఆ బ్యాచ్ చేసిన అనలిస్ట్ ఎవరో ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

ఫోన్‌లోని ఫొటోల మాట. ల్యాబ్‌లోకి ఫోన్ తేవడమే చాలా కంపెనీల్లో నిషేధం, కంపెనీ డేటా ఫొటో తీయడం ఇంకో నేరం కింద మీ మీదకే తిప్పుతారు. కొత్తవి తీయకండి, ఉన్నవి వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, ఒక లాయరును అడిగాకే వాటి సంగతి తేల్చండి. అసలు ఫొటోల అవసరమే లేదు, సాక్ష్యం సిస్టమ్‌లో మీకంటే భద్రంగా ఉంది. దాని బదులు ఇంట్లో ఒక డైరీ పెట్టుకుని, ఏ రోజు ఎవరు ఏం చెప్పారు, మీరేమన్నారు అన్నది ఆ రోజే రాసుకోండి. అంకెలు, బ్యాచ్ వివరాలు అందులో వద్దు, మాటలు చాలు.

ఇక అన్న. మీ ఉత్తరంలో సగం ఆయనే ఉన్నాడు, కాబట్టి అసలు ముడి అక్కడే ఉందనుకుంటున్నాను. ఉద్యోగం ఇప్పించిన మేలు నిజం. దాని బదులు తీర్చుకోవడానికి వాళ్లింట్లో పెళ్లికి నాలుగు రోజులు పనిచేయొచ్చు, పిల్లలకు చదువు చెప్పొచ్చు. సంతకం మాత్రం ఆ ఖాతాలోకి రాదు. పైగా రివ్యూయర్ గడిలో సంతకం ఆయనది. బ్యాచ్ వెనక్కి వస్తే మీ తర్వాత పోయేది ఆయనే. మూడు హెచ్‌పీఎల్‌సీలు, ఇద్దరు అనలిస్టులు, నెలాఖరు డిస్పాచ్ అని మీరే రాశారు. ప్లానింగ్ వాళ్లు ఆయన గొంతు మీద కూర్చుంటే, ఆయన మీ గొంతు మీద కూర్చున్నాడు.

అందుకే క్యూఏకి వెళ్లేముందు ఆయనకు చెప్పండి. మిషన్ దగ్గర, నలుగురిలో కాదు. సోమవారం షిఫ్టు మొదలవకముందే, బస్సు దిగి గేటు దాకా నడిచే దారిలో అయితే మేలు. నిందించే మాట వద్దు, అనుమతి అడిగినట్టూ వద్దు. ‘అన్నా, ఆ 93.8 మీద ఇవాళ ఓఓఎస్ తెరుస్తున్నా. రెండు ఇంజెక్షన్లూ ఒకటే వచ్చినయి, ఇంజెక్షన్ ఎర్రర్ అంటే నిలవదు. చెక్‌లిస్టు మీరూ నేనూ కలిసి చూద్దాం. పాతవి కూడా కొన్ని నా పేరు మీద ఉన్నయి, అవీ నేను రాస్తున్నా. మీకు ముందు చెప్పకుండా రాయడం ఇష్టం లేక చెప్తున్నా.’ ఇంతే. ఆయన కోప్పడొచ్చు, తమ్ముడి ఉద్యోగం మాట ఎత్తొచ్చు. ఎత్తితే ‘వాడి సంగతి వాడిది అన్నా’ అనేసి ఆపండి. తమ్ముడికి కూడా ఇవాళే ఒక మాట చెప్పి ఉంచండి, వేరే చోట కూడా అప్లై చేసుకోమని. ‘రెండ్రోజులు ఆగు’ అంటే ఆగకండి, ఆ రెండ్రోజుల్లో రెండో ప్రిపరేషన్ వేరే లాగిన్ మీద అయిపోతుంది.

ఇకముందు ఎవరైనా ఇలాంటిది నోటిమాటగా చెబితే కాదని పోట్లాడక్కర్లేదు. ‘ఎస్‌ఓపీలో ఏ పాయింట్ కింద రాయమంటారు?’ అని మామూలుగా అడగండి. చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే, ‘మీరు ఇలా చేయమన్నారని నాకు అర్థమైంది, సరేనా’ అని ఆయన ఒక్కరికే ఒక మెయిల్ పెట్టండి, పైవాళ్లను కాపీలో పెట్టకుండా. నోటితో అన్నది రాతలో చూసుకున్నాక వెనక్కి తీసుకునేవాళ్లే ఎక్కువ.

డిజల్యూషన్ మాట తర్వాత చెప్తానన్నాను. అది మీ బుద్ధి సమస్య కంటే ఏర్పాటు సమస్య. బాత్ మొదలుపెట్టకముందే ఆరు వెసెల్స్‌కూ నిమిషం తేడాతో మాత్ర వేసే టైము, తీయాల్సిన టైము షీట్‌లో రాసుకుంటే, తీసినప్పుడు అసలు టైము పక్కన వేయడానికి మూడు సెకన్లు చాలు. రెండో బాత్ మొదటిది ముగిశాకే మొదలవ్వాలి, లేదా రెండో మనిషి ఉండాలి. బ్యాలెన్స్ లాగ్‌బుక్ ఇంకో బల్ల మీద ఉంటే మరుపు ఖాయం, బ్యాలెన్స్ పక్కనే తాడుతో కట్టి ఉంచమనండి. ‘టెస్ట్’ ఫోల్డర్ తెరిచే అనుమతి అనలిస్టులకు లేకుండా చేయమని కూడా మీ ఇన్సిడెంట్ రిపోర్టులోనే సూచనగా రాయండి. క్యూఏ వాళ్లకు దిద్దుబాటు చర్య కావాలి, మీరు ఇచ్చేస్తే వాళ్ల పని కూడా తేలికవుతుంది.

ఈ జవాబు మీకు అందేసరికి రెండో ప్రిపరేషన్ ఎవరైనా చేసేసి ఉంటే కంగారుపడకండి. మొదటిది పోదు. ఓఓఎస్ మొదటి ఫలితం మీదే తెరుస్తారు, రెండోది అనుమతి లేకుండా చేసినదని అందులోనే రాస్తారు.

సోమవారం ల్యాబ్‌లోకి వెళ్లగానే ముందు మీ బల్ల మీద గురువారం ఫ్లాస్కు ఉందో లేదో చూడండి. మెథడ్‌లో ద్రావణం 24 గంటలో 48 గంటలో నిలుస్తుందని ఉండి, ఆ గడువు దాటినా పారబోయకండి. బ్యాచ్ నంబరు, తయారుచేసిన తేదీ, సమయం, ‘ఓఓఎస్ కోసం ఉంచినది’ అని లేబుల్ వేసి, కింద ఆ రోజు తేదీతో సంతకం పెట్టి, క్యూఏకి ఫోన్ చేయండి.